జ్ఞానమ్మ చెయ్యి

శశిధర్ దవాఖానలో పాత కాన్పుల గదికి పెద్ద కిటికీ ఉండేది. అందులోంచి చూస్తే చర్చి గోపురం కనబడేది. మూడు నెలల కిందట ఆ గదిని స్టోర్ రూము చేశారు.

స్కానింగ్ మిషన్‌ని అది రిజిస్టరైన గది గడప దాటించకూడదని రూలు, పుట్టబోయేది ఆడో మగో దొంగచాటుగా చూడకుండా. నొప్పులు పడే ఆడదానికి అలాంటి రూలేమీ లేదు, ఎటు నెడితే అటు పోతుంది. అందుకని మిషన్‌ని కాన్పుల గదికి తేలేక, కాన్పుల బల్లనే స్కానింగ్ గదిలోకి తోశారు. తెర మీద బొమ్మ తేటగా కనబడాలంటే చీకటి కావాలి కాబట్టి, అక్కడున్న చిన్న కిటికీకి నల్ల రెగ్జిన్ కొట్టారు. పట్టపగలు కూడా ఆ గదిలో మిషన్ వెలుతురు తప్ప ఇంకేమీ ఉండదు. ఏసీ తడి వాసన, ఫినాయిల్ వాసన, జెల్ వాసన. వాటన్నిటి కింద, ఎంత కడిగినా పోని రక్తం వాసన.

ఆ చీకట్లోకి అడుగు పెట్టినప్పుడల్లా జ్ఞానమ్మకు కడుపులో చురుక్కుమనేది. భయం కాదు. ముప్పై రెండేళ్ళుగా కాన్పులు చేస్తున్న నర్సు, చీకటికి భయపడదు. అది కడుపుమంట. దానికి ఇంకో మంచి పేరు పెట్టుకుని తనను తాను మోసం చేసుకునేంత అమాయకురాలు కాదు జ్ఞానమ్మ.

మెదక్ టౌనులోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ జ్ఞానమ్మ చెయ్యి అంటే ఒక పేరు. పొడుగాటి వేళ్ళు. చూపుడువేలి చివరి కణుపు కొంచెం వంకర, చిన్నప్పుడు తలుపు సందులో పడి. ప్రతి శనివారం సాయంత్రం, మర్నాడు చర్చిలో పాటకు ఎంత శ్రద్ధగా సిద్ధమయ్యేదో అంత శ్రద్ధగా ఆ చేతి గోళ్ళు కత్తిరించుకునేది. లోపల రెండు వేళ్ళు పట్టాయంటే ఇంకా టైముంది, పోయి అన్నం తినిరా. నాలుగు వేళ్ళ సందు దొరికిందంటే డాక్టర్‌ని పిలువు. తల ఎంత దిగింది, ముఖం ఎటుంది, అన్నీ ఆ వేళ్ళే చెప్పేవి. డాక్టర్లు మారిపోయారు. చెయ్యి మారలేదు.

ఆ చెయ్యి ఎప్పుడూ ఎవరినీ అడిగి లోపలికి పోలేదన్నది వేరే సంగతి. కాళ్ళు దగ్గరికి ముడుచుకుంటే తొడ మీద చెళ్ళుమని ఒకటి వేసేది. "మొగుని దగ్గర రాని సిగ్గు ఇక్కడెందుకే" అనేది. ఆడవాళ్ళు ఏడుస్తూనే దండం పెట్టి పోయేవాళ్ళు. ప్రాణంతో, పిల్లతో ఇంటికి పోతున్న మనిషికి అవమానం గురించి మాట్లాడే హక్కు కూడా ఉంటుందని మన దవాఖానల్లో ఎవరూ బోర్డు రాసి పెట్టరు కదా.

అప్పుడు వచ్చింది డాక్టర్ రచన. హన్మకొండ పిల్ల, ముప్పై ఒక్క ఏళ్ళు. నొప్పులు పడుతుండగానే స్కానింగ్‌తో చూడడం నేర్చుకుని వచ్చింది. మిషన్ వైరు చివర ఉండే ప్రోబుకు గ్లౌజు తొడిగి, జెల్ రాసి, తొడల మధ్య బయటే ఆనిస్తుంది. అంతే. లోపలికి ఏదీ పోదు. తెర మీద తల్లి ఎముక ఒకటి తెల్లగా కనబడుతుంది, దాని కింద పిల్ల పుర్రె చంద్రవంకలా కనబడుతుంది. రెంటికీ గీతలు గీసి, మధ్య కోణం కొలుస్తుంది. నూట ఇరవై డిగ్రీలు దాటితే దారి సాఫీ. పొట్ట మీద పెట్టి చూస్తే ముఖం ఎటుందో కూడా తెలుస్తుంది. నొప్పి లేదు. పైగా ప్రోబు ఆనించే ముందు ప్రతిసారీ అడుగుతుంది, "పెట్టనా?" అని.

ఆ ఒక్క మాటకే ఆడవాళ్ళు రచనకు పడిపోయారు. "చిన్న మేడంనే చూడమనుండ్రి సిస్టర్" అనడం మొదలుపెట్టారు. జ్ఞానమ్మ గ్లౌజు పెట్టె తీస్తుంటే కాళ్ళు ముడుచుకుని గోడవైపు చూసేవాళ్ళు.

ఇద్దరి మధ్య పుల్ల పెట్టింది మాత్రం యజమాని శశిధర్. అతను డాక్టర్ కాదు. పొలాల నుంచి ప్లాట్లకు, ప్లాట్ల నుంచి దవాఖానకు వచ్చిన మనిషి. ఇద్దరు ఆడవాళ్ళు ఒక చోట పనిచేస్తుంటే వాళ్ళను పందెం కోళ్ళను చేయకుండా ఉండలేడు. ఒక నోటుబుక్కు తెచ్చి ఇచ్చాడు. ప్రతి కాన్పుకీ ముందు జ్ఞానమ్మ వేళ్ళతో చూసి రాయాలి, తర్వాత రచన మిషన్‌తో చూసి రాయాలి. పుట్టాక ఎవరిది నిజమైందో తెలుస్తుంది. మూడు నెలల్లో పదకొండుసార్లు రెండు మాటలూ కలవలేదు. తొమ్మిదిసార్లు మిషన్ గెలిచింది.

తొమ్మిది. ఆ అంకె జ్ఞానమ్మకు ప్రార్థనలో కూడా గుర్తొచ్చేది.

*

ఆ శుక్రవారం పొద్దున్నుంచీ ముసురు. మంజీర పొంగి ఏడుపాయల గుడి మూసేశారని పేపర్లో వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు శంకరంపేట దగ్గరి ఊరి నుంచి చంద్రిక వచ్చింది. ఇరవై మూడేళ్ళు, మొదటి కాన్పు. వెంట అత్త భూలక్ష్మి. భర్త రాజేందర్ బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"మా పెద్దకోడలికి ఆపరేషన్ చేసిండ్రు జ్ఞానమ్మా. గామె ఇప్పటికీ నీళ్ళ బిందె లేపదు" అంది భూలక్ష్మి. "గీమెకైన కోత లేకుండ మంచిగ కాన్పు చెయ్యుండ్రి. మీ చెయ్యి పడాలెనని ఇంత వానల పట్టుకొచ్చిన."

"నీ రంది కోడలు గురించా, బిందె గురించా?" అంది జ్ఞానమ్మ గ్లౌజు తొడుక్కుంటూ.

"రెండూ ఒక్కటే గద."

జ్ఞానమ్మకు నవ్వొచ్చింది. మీ చెయ్యి పడాలె. ఎన్నాళ్ళయింది ఆ మాట విని. తల తిప్పి చూసింది. రచన మిషన్ దగ్గర వంగి ఏదో సర్దుతోంది. విననట్టే ఉంది కానీ, దవడ దగ్గర చిన్న కండ ఒకటి కదిలింది.

భూలక్ష్మి రచన పక్కకు జరిగి గొంతు తగ్గించింది. "మేడం, ఎట్లాగూ మిషన్ పెడ్తరు. కింద గూడ జర చూడుండ్రి, ఆడో మగో."

"చెప్తే నన్ను జైల్ల పెడ్తరమ్మా."

"ఇంకో రెండు గంటలైతె పుట్టేదే గద. గిప్పుడు చెప్తె ఏమైతది?"

"రెండు గంటలు ఆగలేనిదానివి, తొమ్మిది నెలలు ఎట్లాగినవ్?" అని జ్ఞానమ్మ ఆమెను బయటికి పంపి తలుపు వేసింది.

చంద్రికను బల్ల మీద పడుకోబెట్టి, నొప్పి తగ్గిన సందులో చెయ్యి పెట్టింది. చంద్రిక పళ్ళు బిగించి పైకి చూస్తూ ఉంది. ఎనిమిది సెంటీమీటర్లు. తల దిగింది. ముఖం... వేళ్ళకు నెత్తి మీది మెత్తటి చోటు తగిలింది. ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఇంకాస్త లోపలికి పోయి చూసి ఉంటే తెలిసేది. కానీ రచన పక్కనే నిలబడి చూస్తోంది, తడుముకుంటున్నట్టు కనబడడం జ్ఞానమ్మకు ఇష్టం లేదు.

"ముఖం వెన్ను దిక్కుంది. మస్తు చక్కగుంది. నాలుగింటికల్ల అయిపోతది" అంది. నోటుబుక్కులో రాసింది.

రచన ప్రోబు తీసుకుంది. "పెట్టనా చంద్రికా?"

చంద్రిక తలూపింది. తెర మీద బూడిదరంగు పొగ కదిలి, కుదిరి, బొమ్మ అయింది. రెండు నల్లటి గుంటలు. పిల్ల కళ్ళు. నేరుగా పైకి, తెరలోంచి ముగ్గురినీ చూస్తున్నట్టు.

"ముఖం పైకుంది అక్కా" అంది రచన మెల్లగా. "గిట్లనే ఉంటే తల ఇరుక్కుంటది."

చంద్రిక కూడా చూసింది. ముందు తెరను, తర్వాత జ్ఞానమ్మ ముఖంలోకి. జాలిగా. ఆ జాలిని భరించడం కంటే చెంపదెబ్బ తినడం నయం.

సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి శశిధర్ తల పెట్టాడు. లోపల ఒక మనిషి బట్టలు తొలగించుకుని పడుకుని ఉందన్న ధ్యాసే లేదు.

"ఏమైంది, ఇద్దరిదీ ఒక్కటేనా?"

"కాదు సార్" అంది రచన.

"మళ్ళా మిషన్‌దే పైచెయ్యి అయ్యేటట్టుంది." నవ్వాడు. "ఇది గూడ తప్పైతె సోమవారం నుంచి అక్కను ఓపీల కూసోబెడదాం. బీపీలు, బరువులు చూసుకుంటది. వయసైంది గద, ఆరామ్‌గ ఉంటది."

తలుపు మూసుకుంది. గదిలో పిల్ల గుండె చప్పుడు ఒక్కటే వినబడుతోంది. టక్కుటక్కుమని, గుర్రం పరుగెత్తుతున్నట్టు. నూట నలభై.

"మత్తు డాక్టర్‌కు ఫోన్ చేసి పెడతా, ఎందుకైనా మంచిది" అని రచన బయటికి పోయింది. లోపల సిగ్నల్ ఉండదు.

జ్ఞానమ్మ, చంద్రిక, ఆ చప్పుడు మిగిలారు.

బీపీలు, బరువులు. ముప్పై రెండేళ్ళ చెయ్యి సోమవారం నుంచి రబ్బరు బుడగ పిసుకుతూ కూర్చోవాలి. ఆ హన్మకొండ పిల్ల మాత్రం ఒక ప్లాస్టిక్ ముక్క పట్టుకుని, పెట్టనా, పెట్టనా అంటూ...

కరెంటు పోయింది. మిషన్ బ్యాటరీ మీద నడుస్తోంది. తెర వెలుతురు నీలంగా చంద్రిక మోకాళ్ళ మీద పడింది. జ్ఞానమ్మ కొత్త గ్లౌజు తొడుక్కుంది.

"ఏం చేస్తుండ్రమ్మా?"

"ఊకో. నీ మంచికే."

నొప్పి వచ్చే దాకా ఆగి, చెయ్యి పెట్టింది. ఈసారి లోపలి దాకా. తడి వెంట్రుకలు. నుదుటి అంచు. కనుబొమ గట్టు. మిషన్ చెప్పింది నిజం. ముఖం పైకే ఉంది.

నిజమైతే ఏంది, అనుకుంది. నేను రాసింది నిజం చేస్తే సరిపోతది.

పాతకాలం నర్సులకు తెలిసిన పనే అది. తలను అరచేతిలోకి తీసుకుని, నొప్పితో పాటు తిప్పాలి. డాక్టర్ పక్కన ఉండగా, తల్లికి చెప్పి చేయాల్సిన పని. జ్ఞానమ్మ ఎవరికీ చెప్పలేదు. చంద్రిక గొంతులోంచి వచ్చిన చప్పుడుకు ఎడమచెయ్యి అడ్డం పెట్టి, కుడిచేత్తో పట్టుకుని తిప్పింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి తల తాళంచెవిలా తిరిగింది.

చెయ్యి తీసింది. గ్లౌజు ఎర్ర బకెట్‌లో పడేసింది. సింకు దగ్గరికి పోయి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. కరెంటు వచ్చింది. కడుపులో మంట చల్లారి తియ్యగా ఉంది.

*

"మనోహరాబాద్ దగ్గర రోడ్డు మీద నీళ్ళున్నయంట. మత్తు డాక్టర్‌కు ఇంకో గంటన్నర పడుతది" అంటూ వచ్చింది రచన. బల్ల పక్కన కూర్చుని ప్రోబు చేతిలోకి తీసుకుంది. "ఒక్కసారి చూడనా చంద్రికా?"

చంద్రిక కళ్ళు మూసుకునే తలూపింది. ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

రచన పొట్ట మీద పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. కళ్ళ గుంటలు కనబడడం లేదు. పిల్ల వీపు పైకుంది.

"మీరు చెప్పినట్టే ఉందక్కా" అంది. నమ్మలేని గొంతు.

"ముసురు పడితె మిషన్లు గట్లనే చేస్తయ్ మేడం" అంది జ్ఞానమ్మ సింకు దగ్గరి నుంచి, తువ్వాలుతో వేళ్ళ సందులు తుడుచుకుంటూ. "వేళ్ళకు ముసురుండదు."

రచన మళ్ళీ జెల్ రాసింది. ప్రోబు కిందికి తెచ్చి, తొడల మధ్య ఆనించింది. తల్లి ఎముక తెల్లగా కనబడింది. పిల్ల పుర్రె చంద్రవంక కనబడింది. తెర మీదే చూపు పెట్టి అంది:

"అక్కా, చెయ్యి తీస్తరా. బొమ్మకు అడ్డమొస్తుంది."

"ఏ చెయ్యి?"

"పరీక్ష చేస్తున్నరు గదా, ఆ..."

రచన తల తిప్పింది. జ్ఞానమ్మ గదికి అవతలి పక్కన, ఎనిమిది అడుగుల దూరంలో, తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

ఇద్దరూ తెర వైపు చూశారు.

పుర్రె గీత మీద, గుండ్రంగా వంగి, నాలుగు వేళ్ళు.

ఏసీ చల్లగా బుస్సుమంటోంది.

"పిల్ల చెయ్యే అయ్యుంటది" అంది రచన గుసగుసగా. "తల పక్కన చెయ్యి పెట్టుకుంటరు కొందరు..." మిషన్ మీద బటన్ నొక్కి వేలి మొదటి నుంచి కొస దాకా గీత గీసింది. తెర మూలన అంకె వచ్చింది. ఏడు సెంటీమీటర్లు. చెరిపి మళ్ళీ గీసింది. ఏడే. పిల్ల తలే అడ్డంగా తొమ్మిది ఉంది.

కణుపులు కనబడుతున్నాయి. ఎముకలు కనబడుతున్నాయి. మొదటి వేలి చివరి కణుపు... కొంచెం వంకర.

జ్ఞానమ్మ చేతిలోని తువ్వాలు జారిపోయింది.

"అమ్మా" అంది చంద్రిక. అరుపు కాదు. అలసిపోయిన గొంతు. "ఇగ తియ్యుండ్రి అమ్మా."

"తీసిన బిడ్డా." జ్ఞానమ్మ రెండు చేతులూ తెర వెలుతురులోకి చాపింది. "ఇగో. చూడు. రెండూ ఇక్కడ్నే ఉన్నయ్."

చంద్రిక ఆ చేతుల వైపు చూడలేదు. "లేదు. లోపల్నే ఉంది. పట్టుకుంది."

నొప్పి వచ్చింది. చంద్రిక బల్ల అంచులు పట్టుకుని ముక్కింది. తల కదలలేదు. పిల్ల గుండె... నూట పది. నొప్పి పోయింది. గుండె తిరిగి ఎక్కలేదు. తొంభై ఐదు.

గుర్రం నడుస్తోంది. పరుగెత్తడం లేదు.

"కోణం నూట పద్దెనిమిది. కదుల్తలేదు" అంది రచన. "ఇంకో గంటన్నర... అక్కా, అంతసేపు ఈ పిల్ల ఉండదు."

అప్పుడు తెలిసింది జ్ఞానమ్మకు తన కుడిచెయ్యి సంగతి. మణికట్టు నుంచి కిందికి మొద్దుబారిపోయింది. గాలి తగలడం లేదు. కడిగిన నీళ్ళ చల్లదనం లేదు. బదులుగా... వెచ్చగా ఉంది. అరచేతిలో ఏదో గుండ్రటిది. తడి వెంట్రుకలు. కళ్ళతో చూస్తే ఖాళీ చెయ్యి. అందులో ఒక తల కొట్టుకుంటోంది.

వేళ్ళు చాపబోయింది. అవి విచ్చుకోలేదు.

రచన ముందుకు వంగి చంద్రిక నుదుటి మీద చెయ్యి వేసింది. "నేనున్నా. నా దిక్కు చూడు" అంది. చంద్రిక ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని గుండెకు ఆనించుకుంది.

ముప్పై రెండేళ్ళలో జ్ఞానమ్మ చేతిని ఎవరూ అలా పట్టుకోలేదు.

కడుపులో మంట లేచింది.

తెర మీద వేళ్ళు బిగుసుకున్నాయి.

ఎనభై.

జ్ఞానమ్మ చూసింది. మంటను మింగింది. వేళ్ళు ఆగాయి. రచన చంద్రిక జుట్టు సవరించింది... మళ్ళీ లోపల చురుక్కుమంది... వేళ్ళు ఇంకొంచెం... డెబ్బై నాలుగు. ఆ చెయ్యి ఎవరి మాట వింటుందో ఇక అడగక్కర్లేదు. అది జ్ఞానమ్మ మాట వినడం లేదు. జ్ఞానమ్మ కడుపు మాట వింటోంది.

ప్రార్థన చేయబోయింది. మాటలు రాలేదు. తొమ్మిది అనే అంకె ఒక్కటే వచ్చింది.

బల్ల దగ్గరికి నడిచింది.

"మేడం." తెర మీది వేళ్ళ వైపే చూస్తూ అంది. "మీదే కరెక్టు. ముఖం పైకే ఉండె. మీరు బయటికి పోయినంక నేను తిప్పిన."

రచన తల ఎత్తింది. చీకట్లో ఆమె కళ్ళు రెండు గుంటల్లా ఉన్నాయి.

"ఎందుకు?"

"మీరు ఓడాలెనని."

గుర్రం అడుగు... ఇంకో అడుగు... తెర మీద చిటికెనవేలు సడలింది. దాని పక్కది సడలింది. మిగిలిన రెండూ సడలలేదు. వంకర వేలు పుర్రెకు అతుక్కునే ఉంది.

జ్ఞానమ్మ చంద్రిక మోకాళ్ళ దగ్గర వంగింది. మొద్దుబారిన చేతిని ఎడమచేత్తో పట్టుకుంది. జీవితంలో ఎన్నడూ అనని మాట ఒకటి అనాల్సి వచ్చింది. దగ్గి, నెట్టి, బయటికి తెచ్చింది.

"తియ్యనా బిడ్డా?"

చంద్రిక కళ్ళు తెరిచింది. చాలాసేపు చూసింది. అంతసేపు చూసే టైము లేదు. అయినా చూసింది.

"తియ్యి" అంది.

జ్ఞానమ్మ కుడిచేతిని గాలిలోనే వెనక్కి లాక్కుంది. ఖాళీ గాలి. అయినా బరువుగా, తడి మట్టిలోంచి లాగుతున్నట్టు... అంగుళం... అంగుళం... తెర మీద ఒక్కొక్క వేలూ జారింది. వంకర వేలు ఆఖరున. మణికట్టు దాకా చల్లటి గాలి ఒక్కసారి వచ్చి కొట్టింది.

గుర్రం పరుగందుకుంది.

"ముక్కు" అంది రచన. "ఇప్పుడు ముక్కు చంద్రికా."

మూడు నొప్పుల్లో పుట్టింది. ఆడపిల్ల. వెంటనే ఏడ్చింది. జ్ఞానమ్మ పిల్ల తల నిమిరి చూసింది, మళ్ళీ మళ్ళీ. ఎక్కడా ఒక గీత లేదు, మచ్చ లేదు.

బయట భూలక్ష్మి విని, "గింతసేపు కష్టపెట్టింది, మొగపిల్లగాడేమో అనుకున్న" అంది. రాజేందర్ ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

*

నోటుబుక్కులో జ్ఞానమ్మ ముందు రాసిన దాని కింద ఇద్దరూ ఇంకేమీ రాయలేదు. సింకు దగ్గర పక్కపక్కన నిలబడి చేతులు కడుక్కున్నారు. బయట వాన చప్పుడు.

"శశిధర్ సార్‌కు చెప్తరా?" అంది జ్ఞానమ్మ.

"ఏమని చెప్పాలె?" అంది రచన. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. కుళాయి కట్టేసి అంది. "పైకున్న ముఖాన్ని ఒక్కరే తిప్పిండ్రు. ఆ చీకట్ల. మా ప్రొఫెసర్ గూడ భయపడేటోడు. నేను చానా సార్లు చేసి చూసిన, నాకు రాలే. ఎనిమిదేండ్లు చదివిన. అయినా ఇయ్యాల గా అత్త మీ చెయ్యే గావాలన్నది."

ఆమె జ్ఞానమ్మ కుడిచేతి వైపు చూస్తోంది. అందులో ఉన్నది మెచ్చుకోలు కాదు. జ్ఞానమ్మకు ఆ చూపు బాగా తెలుసు. మూడు నెలలుగా తను మిషన్ వైపు చూస్తున్న చూపే అది.

జ్ఞానమ్మ చెయ్యి కొంగులో చుట్టుకుంది.

మూడో రోజుకు వాన వెలిసింది. ఆదివారం చర్చి నుంచి నేరుగా డ్యూటీకి వచ్చింది జ్ఞానమ్మ. చేతికి స్పర్శ పూర్తిగా వచ్చేసింది. మెట్ల దగ్గర శశిధర్ ఎదురయ్యాడు, ముఖం వేలాడేసుకుని.

"అక్కా, రచన మేడం పది రోజులు రాదంట. కుడిచెయ్యి పనిచేస్తలేదంట. మణికట్టు నుంచి కిందికి ఏం తెలుస్తలేదంట. శుక్రవారం సాయంత్రం నుంచి గట్లనే ఉందంట. హైదరాబాద్‌ల అన్ని టెస్టులు చేసిండ్రు, ఏం దొరకలే." తల గోక్కున్నాడు. "ఓపీ ముచ్చట మర్చిపోండ్రి. ఇగ మీ చెయ్యే దిక్కు."

"అయ్యో పాపం" అంది జ్ఞానమ్మ.

అని, మెట్లెక్కుతూ, పెదవుల మీదికి వచ్చిన నవ్వును కొంగుతో తుడుచుకుంది. మణికట్టు నుంచి కిందికి అన్న మాట దగ్గర ఆగి ఆలోచించలేదు. ఇగ మీ చెయ్యే దిక్కు అన్న మాట ఒక్కటే చెవుల్లో తిరుగుతోంది.

పై వార్డులో ఎండ పడుతోంది. చంద్రిక మంచం మీద కూర్చుని పిల్లకు పాలిస్తోంది. ఇంటికి పోవడానికి సంచి సర్ది ఉంది. భూలక్ష్మి ఆటో కోసం కిందికి పోయింది.

"కుట్లు ఒకసారి చూడనా బిడ్డా?" అంది జ్ఞానమ్మ. ఆ మాట ఇప్పుడు అంత కష్టంగా లేదు.

చంద్రిక తలుపు వైపు చూసి, ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"అమ్మా... ఇంటికి పోయేటప్పుడన్న తీస్తరా?"

"ఏంది?"

"చెయ్యి."

జ్ఞానమ్మ మంచం పట్టె పట్టుకుంది. "తీసిన గద బిడ్డా. ఆ రోజే. నువ్వు తియ్యమన్నంకనే తీసిన."

"మీది తీసిండ్రు." చంద్రిక పిల్లను రెండో రొమ్ముకు మార్చుకుంది. "మీది పోయినంక ఇంకోటి వచ్చింది. సన్నగుంది. మీ లెక్క వెచ్చగుండదు. జెల్ రాసినట్టు చల్లగుంటది."

జ్ఞానమ్మ ఎండలోకి జరిగింది. అడగకూడదనుకుంది. అడిగింది.

"ఏం... చేస్తుంది?"

చంద్రిక ముఖంలో నొప్పి లేదు. అలవాటైపోయిన మనిషి ముఖం అది.

"ఏం చేస్తలేదమ్మా. ఊకె కొలుస్తుంది. రెండు వేళ్ళు పెడ్తది... తీస్తది... మళ్ళ మూడు పెడ్తది..." పిల్ల వీపు మీద మెల్లగా తట్టింది. "నేర్చుకుంటున్నట్టు."